దొడ్డిదారి గాలి: పెట్రోల్ కారులో వ్యాక్యూమ్ లీక్ ఎందుకు దొరకదు, ఎలా దొరుకుతుంది

పోయిన మే నెలలో నా పెట్రోల్ కారు విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా వణకడం మొదలుపెట్టింది. ఏసీ వేసి ఉంటే మరీ ఎక్కువ. ఆర్‌పీఎం ముల్లు 600కి పడిపోయి, ఉలిక్కిపడినట్టు 1,100కి లేచి, మళ్ళీ కిందకి జారేది. ఆ వణుకు స్టీరింగ్ మీద పెట్టిన చేతులకి తెలిసేది. కృష్ణ మీది వారధి దాటి మంగళగిరి వైపు హైవే ఎక్కితే మాత్రం ఏ జబ్బూ లేని బండిలా పోయేది.

రెండు నెలల్లో ప్లగ్గులు మారాయి, థ్రాటిల్ బాడీ క్లీనింగ్ అయింది, ఇంజెక్టర్లు విప్పి కడిగారు. ఎనిమిది వేలు దాటింది. చివరికి ‘ఇదంతా ఈ20 పెట్రోలు మహిమ, ఏమీ చేయలేం’ అన్నారు. ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. నిజంగా దొరికింది ఏమిటంటే, ఇంజిన్ వెనక వైపు వంపు తిరిగిన ఒక రబ్బరు గొట్టం అడుగున, గోరంత పొడవు పగులు. పైనుంచి చూస్తే గొట్టం నల్లగా, నున్నగా, కొత్తదానిలాగే ఉంది.

సిగ్నల్లో వణికే బండి హైవే మీద ఎందుకు బాగుంటుంది? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తెలిస్తే వ్యాక్యూమ్ లీక్ సంగతి సగం తెలిసినట్టే. మెకానిక్‌లు దీన్నే ‘ఎయిర్ లాగుతోంది’ అంటారు. మాట సరిగ్గానే ఉంది. ఇంజిన్ లోపలి గాలి బయటికి పోవడం కాదిది, బయటి గాలి లోపలికి రావడం.

ఇంజిన్‌లో శూన్యం ఎక్కడి నుంచి వస్తుంది

కొబ్బరి బోండాంలో స్ట్రా వేసి పీల్చినప్పుడు నీళ్ళు పైకి రావడానికి కారణం నోటితో మనం చేసే ఖాళీ. స్ట్రాకి మధ్యలో చిల్లు ఉంటే ఎంత పీల్చినా నీళ్ళతో పాటు గాలి వస్తుంది. ఇంజిన్ చేసేదీ అదే పని. పిస్టన్ కిందకి దిగినప్పుడల్లా గాలిని పీలుస్తుంది. పెట్రోల్ ఇంజిన్‌లో ఆ గాలికి అడ్డంగా థ్రాటిల్ అనే రేకు తలుపు ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే దాదాపు మూసుకుంటుంది.

తలుపు మూసి ఉండగా పిస్టన్లు పీలుస్తూనే ఉంటే తలుపు వెనక భాగంలో, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో, పీడనం పడిపోతుంది. బయట వాతావరణ పీడనం సుమారు 101 కిలోపాస్కల్స్ ఉంటే, బండి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, లోపల 30 నుంచి 40 మధ్య ఉంటుంది. ఈ తేడానే వ్యాక్యూమ్ అంటున్నాం. పాత వ్యాక్యూమ్ గేజ్ మీద ఇది పాదరసం అంగుళాల్లో కనిపిస్తుంది. మంచి ఇంజిన్‌కి ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాలు వచ్చి, ముల్లు కదలకుండా నిలబడుతుంది.

ఈ అంకె ఊరిని బట్టి మారుతుంది. విజయవాడ, గుంటూరు దాదాపు సముద్రమట్టం ఎత్తులోనే ఉన్నాయి కాబట్టి పూర్తి అంకె రావాలి. ఎత్తు వెయ్యి అడుగులు పెరిగితే సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. మూడు వేల అడుగుల ఎత్తున్న అరకులో 15 చూపిస్తే కంగారు పడక్కర్లేదు. అదే 15 విజయవాడ ఆటోనగర్‌లో చూపిస్తే వెతకాల్సిందే.

ఈ శూన్యాన్ని ఇంజిన్ ఊరికే వదలదు. బ్రేక్ పెడల్‌ని తేలిగ్గా తొక్కనిచ్చే బ్రేక్ బూస్టర్ దీనితోనే పనిచేస్తుంది. ఇంజిన్ అడుగున పోగయ్యే ఆవిరిని పీసీవీ గొట్టం గుండా లాగేది ఇదే. పెట్రోల్ ట్యాంకు ఆవిరిని డబ్బాలో దాచి తర్వాత ఇంజిన్‌కి పంపే పర్జ్ వాల్వు కూడా దీని మీదే ఆధారపడుతుంది. అంటే మానిఫోల్డ్ నుంచి అరడజను గొట్టాలు బయలుదేరతాయి. ప్రతి గొట్టానికీ రెండు చివర్లు, ప్రతి చివరా గాలి దూరగల చోటే.

అగ్గిపుల్ల పట్టే చిల్లు ఎంత గాలి లాగుతుంది

పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక గ్రాము పెట్రోలుకి 14.7 గ్రాముల గాలి కావాలి. లోపలికి ఎంత గాలి వచ్చిందో కొలిచి, దానికి సరిపడా పెట్రోలు చల్లించడం ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ పని. కొన్ని కార్లలో ఈ కొలతని థ్రాటిల్‌కి ముందు ఉండే ఎయిర్ ఫ్లో సెన్సర్ చేస్తుంది. దాన్ని మాఫ్ సెన్సర్ అంటారు. ఇంటికి వచ్చేవాళ్ళని గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టినట్టు, తన ముందు నుంచి వెళ్ళిన గాలినే అది లెక్కపెడుతుంది. థ్రాటిల్ దాటాక ఉన్న చిల్లులోంచి దూరిన గాలి దాని లెక్కలో ఉండదు. దొడ్డిదారిన వచ్చిన గాలి అది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1,200 సీసీ ఇంజిన్ ఐడ్లింగ్‌లో సెకనుకి సుమారు 2 గ్రాముల గాలి తీసుకుంటుంది. రెండు మిల్లీమీటర్ల చిల్లు, అంటే అగ్గిపుల్ల పట్టేంత చిల్లు పడితే దాని గుండా సెకనుకి దాదాపు అర గ్రాము గాలి దూరుతుంది. సెన్సర్ చూసేది ఒకటిన్నర గ్రామే. ఈసీయూ ఒకటిన్నరకి సరిపడా పెట్రోలు ఇస్తుంది, లోపల ఉన్నది రెండు. మిశ్రమం పలచబడుతుంది. మెకానిక్‌లు ‘లీన్ అయింది’ అనేది దీన్నే. సరిచేయాలంటే పెట్రోలు 33 శాతం పెంచాలి.

అదే బండి 2,500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 8 గ్రాముల గాలి తీసుకుంటోంది అనుకుందాం. చిల్లు గుండా వచ్చేది అదే అర గ్రాము. సెన్సర్ చూసేది ఏడున్నర. తేడా 7 శాతమే. హైవే మీద 25 గ్రాములు తీసుకునేటప్పుడు ఆ అర గ్రాము 2 శాతం. పైగా యాక్సిలరేటర్ తొక్కి ఉన్నప్పుడు లోపలి శూన్యం తగ్గుతుంది కాబట్టి చిల్లు లాగే గాలి కూడా తగ్గుతుంది. నా బండి సిగ్నల్లో వణికి, వారధి దాటాక కుదుటపడింది ఇందుకే. గ్లాసుడు పాలలో కలిపిన గ్లాసుడు నీళ్ళు వేరు, బిందెడు పాలలో కలిపిన గ్లాసుడు నీళ్ళు వేరు.

ఐడ్లింగ్‌లోనూ, లోడు లేకుండా 2,500 దగ్గరా చిల్లు ఒకే అర గ్రాము ఎందుకు లాగుతుందన్న అనుమానం రావచ్చు. లోపలి పీడనం బయటి పీడనంలో దాదాపు సగానికి పడిపోయాక, చిల్లులో గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అంతకు మించి లోపల ఎంత పీల్చినా ప్రవాహం పెరగదు. లీకున్న చోట ‘స్స్‌స్స్’ అని సన్నటి ఈల వినిపించడం కూడా ఆ వేగం వల్లే. చిల్లు వ్యాసం సగమైతే గాలి నాలుగో వంతే అవుతుంది కాబట్టి, ఒక మిల్లీమీటరు లీకులు చాలాకాలం ఎవరికీ తెలియకుండా బతికేస్తాయి.

ఒకే చిల్లు, ఇంకో రకం జబ్బు

తికమక ఎక్కువగా ఇక్కడే. అన్ని కార్లూ గాలిని గుమ్మం దగ్గర లెక్కపెట్టవు. మన రోడ్ల మీద తిరిగే చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అది మానిఫోల్డ్ లోపలి పీడనాన్ని కొలుస్తుంది. గుమ్మం దగ్గర కాకుండా, హాల్లో ఎంతమంది కూర్చున్నారో చూసి చెప్పే పద్ధతి. వాళ్ళు ముందు నుంచి వచ్చారా, దొడ్డి నుంచి వచ్చారా అన్నది దానికి పట్టదు.

అందుకని మ్యాప్ బండిలో చిల్లు పడితే మిశ్రమం అంతగా పలచబడదు. పీడనం పెరగడం సెన్సర్ చూస్తుంది, ఈసీయూ పెట్రోలు కూడా పెంచుతుంది. గాలీ ఎక్కువ, పెట్రోలూ ఎక్కువ. ఫలితంగా రేసింగ్ పెరుగుతుంది. 750 దగ్గర ఉండాల్సిన బండి 1,100 దగ్గర నిలబడిపోతుంది. ఈసీయూ థ్రాటిల్‌ని ఇంకా మూసి తగ్గించాలని చూస్తుంది, మూసే వీలు అయిపోయాక చేతులెత్తేస్తుంది. అప్పుడు ఈసీయూ నమోదు చేసే తప్పు సంకేతం, అంటే కోడ్, పి0507, ఐడ్లింగ్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉందని. మాఫ్ బండిలో అయితే పి0171, మిశ్రమం బాగా పలచగా ఉందని.

‘లీకుంటే లీన్ కోడ్ పడాలి, పడలేదు కాబట్టి లీకు లేదు’ అనే మాట చాలా నమ్మకంగా చెబుతుంటారు. మాఫ్ బండి విషయంలో అది చాలావరకు నిజం. మ్యాప్ బండి విషయంలో కాదు. మ్యాప్ బండిలో కూడా ఒక సందర్భం వేరు. లీకు అన్ని సిలిండర్లకీ ఉమ్మడి చోట కాకుండా, ఒక్క సిలిండర్ దారిలో, ఉదాహరణకి పెట్రోలు చల్లే ఒక ఇంజెక్టర్ కింద ఉండే రబ్బరు ఉంగరం, అంటే ఓ-రింగ్ దగ్గర ఉంటే, ఆ సిలిండర్ ఒక్కటే పలచబడి మిస్సింగ్ కొడుతుంది. అప్పుడు అనుమానం ప్లగ్గు మీదకీ కాయిల్ మీదకీ పోవడం సహజం.

టర్బో పెట్రోల్ కార్లలో అదే చిల్లు ఐడ్లింగ్‌లో గాలి లోపలికి లాగి, టర్బో నెట్టేటప్పుడు బయటికి వదులుతుంది. పికప్ కూడా పడిపోయేది అందుకే.

ఈ20 వల్లా, లీకు వల్లా

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం 2030 నాటికని మొదట అనుకున్న లక్ష్యం. దాన్ని 2025కి ముందుకు జరిపారు. ఇప్పుడు బంకుల్లో దొరికేది దాదాపు అదే. దాంతో బండికి ఏం వచ్చినా నింద దాని మీద పడుతోంది. రెండు వైపులా కొంత నిజం ఉంది.

ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంది కాబట్టి అది మండడానికి తక్కువ గాలి చాలు. స్వచ్ఛమైన పెట్రోలుకి 14.7 ఉన్న నిష్పత్తి 10 శాతం ఇథనాల్ ఉన్న ఈ10కి 14.1, ఈ20కి 13.5 దగ్గరికి వస్తుంది. ఈ10కి సర్దిన బండిలో ఈ20 పోస్తే అదే గాలికి సుమారు 4 శాతం ఎక్కువ ఇంధనం చల్లాలి. పాత లెక్కతో ఉన్న బండిలో ఇంకాస్త ఎక్కువ. మైలేజీ తగ్గడం కూడా నిజమే. 2021లో నీతి ఆయోగ్ నిపుణుల కమిటీ నివేదిక, మొదట మామూలు పెట్రోలుకి తయారై ఈ10కి సర్దిన కార్లలో 6 నుంచి 7 శాతం, ఈ10కి తయారై ఈ20కి సర్దిన కార్లలో 1 నుంచి 2 శాతం తగ్గవచ్చని చెప్పింది.

కాబట్టి ఇంధనమే కారణం అనేవాళ్ళు గాలిలో మాట్లాడటం లేదు. కానీ ఈ రెండు కారణాలనీ విడదీసే అంకె ఒకటుంది. ఈసీయూకి తగిలించి చదివే స్కానర్‌లో అది ఫ్యూయల్ ట్రిమ్ అని కనిపిస్తుంది. తన లెక్క కంటే ఎంత శాతం అదనంగా పెట్రోలు ఇవ్వాల్సి వస్తోందో ఈసీయూ రాసుకునే ఖాతా అది. సున్నాకి అటూ ఇటూ పది లోపు ఉంటే మామూలే. ఈ20 ప్రభావం ఇంధనంలోనే ఉంది కాబట్టి ఐడ్లింగ్‌లో 4 ఉంటే 2,500 దగ్గర కూడా 4 చుట్టుపక్కలే ఉంటుంది. లీకు అలా ఉండదు. నా మాఫ్ బండిలో ఐడ్లింగ్ దగ్గర 22, 2,500 దగ్గర 5 కనిపించింది. ఆ జారుడు చూస్తే పెట్రోలుని తప్పుపట్టడం కుదరదు. దీనికి తిరగబడి, ఐడ్లింగ్‌లో బాగుండి వేగం పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే అనుమానం ఫ్యూయల్ పంపు మీదకో, మురికి పట్టిన మాఫ్ సెన్సర్ మీదకో వెళ్ళాలి.

ఇథనాల్ రబ్బరుని తింటుందన్న వాదన సంగతి. పాత బండ్లలో ఇంధనం తగిలే రబ్బరుకి అది వర్తించవచ్చు. ఇంజెక్టర్ ఓ-రింగులు ఆ కోవలోకి వస్తాయి. బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం లాంటివి పెట్రోలులో మునిగి ఉండవు. వాటిని తినేది వేరే.

రబ్బరు ముందు ఎక్కడ లొంగుతుంది

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి అన్నారు పెద్దలు. బయట 45 డిగ్రీలున్న రోజు ట్రాఫిక్‌లో నిలబడ్డ బండి బానెట్ కింద వేడి ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. ఏళ్ళ తరబడి ఆ వేడి తిన్న రబ్బరు మెత్తదనం పోయి గట్టిపడుతుంది, తర్వాత వంపు దగ్గర చీలుతుంది. పీసీవీ గొట్టానికి లోపల నూనె ఆవిరి, బయట వేడి, రెండూ తగులుతాయి కాబట్టి తరచుగా ముందు పోయేది అదే. దాని తర్వాత నేను అనుమానించేది ప్లాస్టిక్ మానిఫోల్డ్‌కీ ఇంజిన్‌కీ మధ్య గాలి దూరకుండా వేసే పొర, అంటే గాస్కెట్. ఇక అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలు. పంటి గాట్లు పడ్డ గొట్టం చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

బ్రేక్ బూస్టర్ గొట్టం లీకుని మిగతా వాటితో కలిపి చూడకూడదు. అది వణుకు సమస్య కాదు, ప్రాణం సమస్య. పెడల్ రాయిలా గట్టిపడటం, తొక్కినప్పుడు కాళ్ళ దగ్గర బుస్సుమనడం, తొక్కగానే ఐడ్లింగ్ మారడం దాని గుర్తులు. ఇంజిన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేసినప్పుడు పెడల్ కొద్దిగా కిందకి దిగితే బూస్టర్‌కి శూన్యం అందుతున్నట్టు. దిగకపోతే ఆ బండిని నడపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించడం మంచిది.

సీఎన్‌జీ కిట్టు తర్వాత వేయించుకున్న బండ్లలో మానిఫోల్డ్‌కి రంధ్రాలు వేసి నాజిల్స్ బిగిస్తారు. సిలిండర్‌కి ఒకటి చొప్పున నాలుగు కొత్త చోట్లు, రెగ్యులేటర్‌కి వెళ్ళే సన్న గొట్టం ఒకటి. లీకు వెతికేటప్పుడు అక్కడ మొదలుపెట్టడం న్యాయం. డీజిల్ సంగతి వేరు. దాని గాలి దారిలో ఇంత శూన్యం పుట్టదు, బ్రేకుల కోసం విడిగా పంపు ఉంటుంది. అక్కడ లీకైతే బ్రేకులు గట్టిపడటమో, శూన్యంతో నడిచే టర్బో యాక్చువేటర్ మందగించి పికప్ పోవడమో చూస్తాం.

చెవి, స్ప్రే, పొగ

నా బండి లీకు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన పట్టుకున్నారు. మా నాన్న కాలం నుంచి తెలిసిన మేస్త్రి. ‘బాబూ, ఏసీ ఆపు, బ్లోయర్ కూడా’ అన్నారు. మూరెడు పొడవున్న సన్నటి రబ్బరు ట్యూబు ఒక చివర చెవిలో పెట్టుకుని, రెండో చివరని మానిఫోల్డ్ చుట్టూ అంగుళం అంగుళం జరిపారు. వెనక వంపు దగ్గర చెయ్యి ఆగింది. ట్యూబు నా చేతికిచ్చారు. చెవిలో పెట్టుకుంటే అప్పటిదాకా ఇంజిన్ మోతలో కలిసిపోయిన ఈల సూదిలా గుచ్చుకుంది. ఆయన బొటనవేలితో గొట్టం అడుగున నొక్కగానే ఈల ఆగింది, ఇంజిన్ మోత మారింది. వేలు తీయగానే మళ్ళీ వణుకు.

ఈ పద్ధతికి ఖర్చు లేదు, ప్రమాదం తక్కువ. కదిలే బెల్టులకీ ఫ్యానుకీ దూరంగా ఉంటే చాలు. కానీ గాస్కెట్ పొడవునా సన్నగా లాగే లీకు చెవికి చిక్కదు.

చాలాచోట్ల వాడేది కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే. అనుమానం ఉన్న చోట కొడతారు, లీకుంటే ఇంజిన్ ఆ ఆవిరిని లాగేసుకుని మోత మారుస్తుంది. పాత బండ్లలో బాగా పనిచేసింది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న కొత్త బండ్లలో ఈసీయూ వెంటనే సర్దేస్తుంది కాబట్టి ఆర్‌పీఎం కదలకపోవచ్చు. చెవితో కాక స్కానర్‌లో ట్రిమ్ పడుతోందా అని చూడాలి. అసలు అభ్యంతరం అది కాదు. అది మండే ద్రవం, పక్కనే ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంటుంది. అగరుబత్తి పొగతో చూసేవాళ్ళూ ఉన్నారు. పొగ లీకు వైపు వంగడం నిజమేగానీ, నిప్పుని పెట్రోలు గొట్టాల దగ్గరికి తీసుకెళ్ళడం ఏ విధంగానూ సమర్థించలేను. సబ్బు నీళ్ళ స్ప్రే ఈ రెండిటి కంటే మేలు. లీకుని ఒక్క క్షణం మూస్తుంది, మోత మారుతుంది, మంట భయం లేదు. సెన్సర్ల మీద, కరెంటు జాయింట్ల మీద పడకుండా చూసుకోవాలి.

పొగ యంత్రం ఇప్పుడు చాలా వర్క్‌షాపుల్లో ఉంది. ఇంజిన్ ఆపి, గాలి దారి మూసి, తక్కువ పీడనంతో, ఒక పీఎస్ఐ లోపే, నూనె పొగ పంపుతారు. పగులు ఉన్న చోట తెల్లటి దారంలా బయటికి వస్తుంది. కళ్ళతో చూసిన రుజువు కాబట్టి కస్టమర్‌కీ మెకానిక్‌కీ మధ్య వాదన ఉండదు. కుర్ర మెకానిక్‌లు దీన్నే నమ్ముతారు. పాతవాళ్ళు, వేడి మీద మాత్రమే తెరుచుకునే పగులు చల్లారిన బండిలో పొగకి దొరకదంటారు. ఇద్దరి మాటా నిజమే. పొగ బయటికి దారి ఉన్న లీకునే చూపిస్తుంది. తెరుచుకుని ఇరుక్కుపోయిన పర్జ్ వాల్వు లోపల్లోపలే గాలి లాగుతుంది, బయట ఒక్క చుక్క పొగ కూడా కనిపించదు. దాని గొట్టాన్ని కాసేపు నొక్కిపట్టి ట్రిమ్ మారుతుందా అని చూస్తేనే తెలుస్తుంది.

కోసి తొడగడమా, మార్చడమా

పగులు గొట్టం చివర ఉంటే పాత మేస్త్రులు అర అంగుళం కోసేసి మళ్ళీ తొడుగుతారు. మొత్తం మార్చాలనేది రెండో పక్షం. నా దృష్టిలో తేల్చేది రబ్బరే. మడిచి చూసినప్పుడు మెత్తగా వంగి సన్న గీతలు కనిపించకపోతే కోసి తొడిగినది నిలుస్తుంది. గట్టిగా పెంకులా ఉంటే ఇవాళ చివర పగిలింది రేపు మధ్యలో పగులుతుంది. నాది వంపులో పగిలింది, మార్చడం తప్ప దారి లేదు. మూడు వందల లోపే అయింది.

మార్చేటప్పుడు ఏదో ఒక గొట్టం సైజు చూసి తెచ్చి పెట్టడం మాత్రం తప్పు. రేడియేటర్ నీళ్ళ గొట్టాల రబ్బరు వేడి నీళ్ళని తట్టుకుంటుంది, నూనె ఆవిరిని తట్టుకోదు. పీసీవీకి అది వేస్తే ఉబ్బి మెత్తబడుతుంది. పల్చటి గొట్టమైతే శూన్యానికి లోపలికి ముడుచుకుపోయి దారే మూసుకుంటుంది.

పగులు మీద టేపు చుట్టడం ఇల్లు చేరేవరకు. గాస్కెట్ చోట సిలికాన్ గమ్ము మెత్తడం ఇంకా ప్రమాదం. అన్ని రకాల గమ్మూ ఒకటి కాదు, కొన్నిటి ఆవిరి ఇంజిన్ గుండా వెళ్ళి ఆక్సిజన్ సెన్సర్‌ని పాడుచేస్తుంది. మూడు వందల పని కాస్తా వేల పని అవుతుంది.

సరిచేశాక మొదటి రెండు రోజులు బండి వింతగా ఉండవచ్చు. కొందరు ఈ దశలోనే రిపేరు ఫెయిలైందని మళ్ళీ విప్పిస్తారు. ఇన్నాళ్ళూ దొడ్డిదారి గాలికి అలవాటుపడి ఈసీయూ ఐడ్లింగ్ పెట్రోలుని పెంచి ఖాతాలో రాసుకుంది. చిల్లు మూసుకున్నా పాత ఖాతానే చూసి పోస్తుంటే మిశ్రమం చిక్కబడుతుంది, బండి కాస్త బరువుగా తిరుగుతుంది. స్కానర్‌తో ఆ ఖాతా చెరిపేయవచ్చు, లేదా మామూలుగా నడుపుతుంటే అదే సర్దుకుంటుంది. నాది చెరపలేదు. గొట్టం మార్చిన సాయంత్రం 22 ఉన్న ట్రిమ్ మర్నాటికి 14కి, నాలుగో రోజుకి 4కి వచ్చింది. ఆ మిగిలిన నాలుగు మాత్రం ఐడ్లింగ్‌లోనూ 2,500 దగ్గరా ఒకేలా ఉంది. అది ఈ20 వాటా.